కుదిరినంత

సెతూబల్ రేవులో, చేపల మార్కెట్ వెనక సందులో
మా నోటరీ ఆఫీసుకి
వానాకాలం వీలునామాలు ఎక్కువ వస్తాయి.
ఎందుకో తెలీదు. తడిసిన బూట్లు
మనిషికి లెక్కలు గుర్తుచేస్తాయేమో.

ఫెలిస్బెర్తు వచ్చింది అలాంటి ఓ మంగళవారం.
సాదో నది మీద ముప్పై నాలుగేళ్లు జనాన్ని దాటించినవాడు,
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి.
కుర్చీలో కూర్చోకముందే అన్నాడు:
"ఇల్లు అద్దెది. కారు లేదు. ఆటలున్నాయి,
మూడు వందల తొమ్మిది.
మా చెల్లెలి కూతురు ఒతీలియా పేర రాయండి."

ఎర్మెలిండా గారి కళ్లజోడు ముక్కు చివరికి జారింది.
"ఏం ఆటలు?"
"వీడియో గేములమ్మా. అన్నీ డబ్బు పోసి కొన్నవే."
సంచీలోంచి రశీదుల కట్ట తీశాడు, రబ్బరు బ్యాండు చుట్టి.
ఈమెయిళ్లు కూడా అచ్చు వేయించుకొచ్చాడు పాపం.

నీళ్ల మీద బతికినవాడు ఆటల్లో ఏమవుతాడనుకున్నారు?
సముద్రపు దొంగా? కాదు.
గోధుమ పండిస్తాడు.
డ్యూటీ దిగి, ఒంటి ఉప్పు కడుక్కుని,
తెర మీద ట్రాక్టరెక్కి తెల్లవార్లూ చాలు తీస్తాడు.
"కదలని నేల," అన్నాడు. అంతకు మించి చెప్పలేదు.

డిస్కులు నలభై ఒకటి. వాటితో పేచీ లేదు.
గీతలు పడ్డవి, డబ్బా విరిగినవి, కాఫీ మరకది ఒకటి,
రాసేశాం.
మిగతా రెండు వందల అరవై ఎనిమిదీ
గాల్లో ఉన్నాయి.

ఒప్పందం చదివే పని నామీద పడింది. నలభై ఆరు పేజీలు.
పదిహేనేళ్లుగా ఆయన "సమ్మతమే" అని నొక్కుతూ వచ్చినదాన్ని
మొదటిసారి ఒక మనిషి చదివింది ఆరోజేననుకుంటా.
పందొమ్మిదో పేజీలో దొరికింది:
కొనడమన్నది మాటవరసకి. ఇచ్చింది అనుమతి.
అది మీతో మొదలై మీతోనే సరి.
అమ్మకూడదు, అరువివ్వకూడదు, ఎవరికీ రాసివ్వకూడదు.

"చచ్చిపోతే?"
"చచ్చిపోవచ్చు సార్. దానికి అభ్యంతరం లేదు."
నేను వేళాకోళం ఆడలేదు. ఆయనే నవ్వాడు.
"బటన్ మీద 'కొనండి' అని ఉందే!
మా టికెట్టు మీద 'ఒకసారి దాటుటకు' అని ఉంటుంది.
పడవ నీదేనని ఏ ఒక్కడితోనూ అనలేదమ్మా మేం."

సాక్షి సంతకాలకని పిలిచాం ఇద్దర్ని.
బేకరీ గుమెర్సిందు పిండి చేతులు దులుపుకుని
"గాలికి డబ్బిస్తే గాలే మిగుల్తుంది" అన్నాడు.
బ్రెజిల్ నుంచి వచ్చిన మందుల షాపు జురెమా ఊరుకోలేదు:
"మరి సర్వర్ల కరెంటు బిల్లు నువ్వు కడతావా?
పోయినవాళ్లందరి ఆటలూ మొయ్యాలంటే ఏ కంపెనీ నిలుస్తుంది?"
"కట్టెయ్యమను! మూసేముందు మా ఆట మాకిచ్చి మూసుకోమను!"
బ్రెడ్డు మాడేదాకా సాగింది.

ఎర్మెలిండా గారు పెన్నుతో బల్ల మీద తట్టారు.
"మీది కానిది మీదని నేను రాయలేను.
మీరు చెప్పింది చెప్పినట్టు రాయగలను. చెప్పండి."

*కొన్నానని నేను నమ్మిన ఆటలనూ,
వాటిలో నేను దున్నిన నేలనూ,
ఇచ్చే హక్కు నాకు లేదని తెలిసే
ఒతీలియాకి ఇస్తున్నాను. కుదిరినంత.*

ప్రింట్ నొక్కాను.
ప్రింటర్ మూలిగి ఎర్ర దీపం వెలిగించింది.
ఈ సిరా మా సిరా కాదు, అంది.
చవగ్గా నింపించిన డబ్బా, ఊపితే చప్పుడవుతోంది.
నిన్నటిదాకా బుద్ధిగా తాగింది,
రాత్రికి రాత్రి ఏదో అప్డేటు నేర్చుకుంది.
మా ప్రింటర్. మా డబ్బుతో కొన్నది.
ఎవరూ మాట్లాడలేదు. జురెమా కూడా.

బీరువా అడుగున ఇంకు బుడ్డి ఉంది, పాత నోటరీ కాలం నాటిది.
రెండు పేజీలు, వేళ్లు కొంకర్లు పోయేలా రాశాను.
సంతకం పెట్టాక ఫెలిస్బెర్తు
ఆరని అక్షరం మీద బొటనవేలు ఆనించి చూశాడు. అంటింది.
"ఇది మీదేనా?"
"బుడ్డి మాదేనండి."

నీలం వేలు తుడుచుకోకుండానే
వానలోకి వెళ్లిపోయాడు.